ఒకే కారు, రెండు ఊళ్లు: హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ ఎందుకు ఎక్కువ పడుతుంది?

గుంటూరులో అన్న, హైదరాబాద్ మెహదీపట్నంలో తమ్ముడు ఉంటున్నారనుకుందాం. ఇద్దరూ ఒకే నెలలో ఒకే మోడల్ కారు కొన్నారు. రంజాన్ పండక్కి అందరూ ఇంట్లో కలిసినప్పుడు రెన్యువల్ మాట వచ్చింది. చూస్తే అన్న కట్టింది తక్కువ, తమ్ముడు కట్టింది ఎక్కువ. "ఏజెంట్ నిన్ను ముంచేశాడు" అన్నాడు అన్న. "సిటీలో అంతే భయ్యా, ఏం చేస్తాం" అన్నాడు తమ్ముడు.

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. సిటీ కారుకు ప్రీమియం ఎక్కువ అన్నది వాస్తవమే. కానీ "సిటీ" అనే ఒక్క కారణానికి పడే డబ్బు చాలామంది అనుకునేంత పెద్దది కాదు. మిగతా తేడా వేరే చోట్ల నుంచి వస్తుంది. అందులో కొంత కారు యజమాని చేతిలోనే ఉంటుంది.

బిల్లులో ఊరు ఎక్కడ కనిపిస్తుంది?

కారు పాలసీ కాగితం తీసి చూస్తే ప్రీమియం రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి థర్డ్ పార్టీ, రెండోది ఓన్ డ్యామేజ్. మన కారు వల్ల ఎదుటివాళ్లకు ప్రాణనష్టం, గాయాలు, ఆస్తినష్టం జరిగితే ఆ పరిహారం ఇచ్చేది థర్డ్ పార్టీ. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. పట్టుబడితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే జరిమానా 4,000.

ఈ థర్డ్ పార్టీ రేటుకు ఊరితో సంబంధం లేదు. కంపెనీలు తమ ఇష్టానికి పెట్టేది కూడా కాదు, ప్రభుత్వమే నోటిఫై చేస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్లలో 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు. 1000 దాటి 1500 సీసీ వరకు 3,416. ఆపైన 7,897. వీటికి జీఎస్టీ అదనం. చార్మినార్ దగ్గరి కారుకైనా, ఆళ్లగడ్డ కారుకైనా అంతే. కొత్త కారు కొన్నప్పుడు మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టాలన్న నియమం సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబర్ నుంచి వచ్చింది. షోరూమ్ బిల్లులో ఇన్సూరెన్స్ మొత్తం గుండె గుభేల్‌మనేలా కనిపించడానికి సగం కారణం అదే.

కాబట్టి ఊరి తేడా ఏదున్నా రెండో ముక్కలోనే, అంటే ఓన్ డ్యామేజ్‌లోనే ఉంటుంది. మన కారుకే దెబ్బ తగిలినా, దొంగలు ఎత్తుకుపోయినా, వరదలో మునిగినా, కాలిపోయినా డబ్బు ఇచ్చే భాగం ఇది.

ఎనిమిది నగరాల జాబితా

2002 జూలైలో వచ్చిన ఇండియా మోటార్ టారిఫ్ దేశాన్ని ప్రైవేటు కార్ల కోసం రెండు జోన్లుగా విడగొట్టింది. జోన్ ఏ లో అహ్మదాబాద్, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ, పుణె. మిగతా దేశం మొత్తం జోన్ బీ. అంటే తెలుగు రాష్ట్రాల్లో జోన్ ఏ ఊరు ఒక్క హైదరాబాదే. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో అరగంట ఇరుక్కున్న విజయవాడవాసికి వింతగా అనిపించవచ్చు గానీ, ఆ జాబితాలో విజయవాడా, విశాఖా జోన్ బీ కిందే ఉన్నాయి. సరుకు లారీల లెక్క వేరు. అక్కడ మూడు జోన్లు. అందులో హైదరాబాద్ రాష్ట్ర రాజధానిగా మధ్య జోన్‌లోకి వస్తుంది.

ఇప్పుడు అన్నదమ్ముల కారు లెక్క చూద్దాం. 1197 సీసీ ఇంజిన్, వయసు మూడేళ్లు దాటింది. షోరూమ్ ధర 10 లక్షలు అనుకుంటే తరుగుదల 40 శాతం తీసేసి ఇప్పటి విలువ 6 లక్షలు. పాలసీలో ఐడీవీ అని రాసేది ఈ విలువనే. కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం కూడా ఇదే.

ఐదేళ్ల లోపు వయసున్న ఇలాంటి కారుకు ఆ టారిఫ్‌లో జోన్ ఏ రేటు ఐడీవీ మీద 3.283 శాతం, జోన్ బీ రేటు 3.191 శాతం. హైదరాబాద్ తమ్ముడికి 19,698 రూపాయలు, గుంటూరు అన్నకు 19,146 రూపాయలు వస్తుంది. తేడా 552 రూపాయలు. జీఎస్టీ కలిపినా 650 దగ్గరే ఆగుతుంది.

మరి నాలుగు వేలు, ఐదు వేలు తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

అసలు తేడా డిస్కౌంట్‌లో

2007 జనవరి 1 నుంచి ఓన్ డ్యామేజ్ రేట్ల మీద కట్టుబాటు పోయింది. ఏ కారుకు ఎంత తీసుకోవాలో కంపెనీలే తేల్చుకుంటున్నాయి. పాత టారిఫ్ రేటును మొదటి లెక్కగా పెట్టుకుని, దాని మీద డిస్కౌంట్ ఇచ్చే అలవాటు మాత్రం నిలిచిపోయింది. ఆ డిస్కౌంట్ అందరికీ ఒకటి కాదు. కారు మోడల్, వయసు, పెట్రోలా డీజిలా, ఏ ఆర్టీవో ఆఫీసులో రిజిస్టర్ అయింది, ఆ ప్రాంతం నుంచి కంపెనీకి గతంలో ఎన్ని క్లెయిములు వచ్చాయి, ఎంత చెల్లించింది అన్నీ చూసి వేస్తుంది.

ఉదాహరణకు ఒక కంపెనీ గుంటూరు కారుకు 60 శాతం, హైదరాబాద్ కారుకు 40 శాతం డిస్కౌంట్ ఇచ్చిందనుకుందాం. అన్న ఓన్ డ్యామేజ్ 7,658 రూపాయలకు దిగుతుంది. తమ్ముడిది 11,819 దగ్గర ఆగుతుంది. జోన్ వల్ల వచ్చిన 552 రూపాయల తేడా డిస్కౌంట్ వల్ల 4,161 అయింది. ఇంకో కంపెనీ ఇద్దరికీ దాదాపు ఒకటే డిస్కౌంట్ ఇవ్వచ్చు. సిటీలో ఉన్నవాళ్లు నాలుగు చోట్ల రేటు అడగాలనడానికి కారణం ఇదే. షోరూమ్ వాళ్లు చెప్పిన చోటే ఇన్సూరెన్స్ తీసుకోవాలన్న నియమం ఎక్కడా లేదు.

అయితే ఒక జాగ్రత్త. రేటు తక్కువ చూపించడానికి కొన్నిసార్లు ఐడీవీని తగ్గించేస్తారు. 6 లక్షల కారుకు 5 లక్షల ఐడీవీ పెడితే ప్రీమియం తగ్గుతుంది. కారు దొంగలు ఎత్తుకెళ్లిన రోజు లక్ష రూపాయలు కూడా తగ్గుతుంది. రెండు కంపెనీల రేట్లు పోల్చేటప్పుడు ఐడీవీ ఒకటే ఉందా లేదా అన్నది ముందు చూడాలి.

సిటీ నుంచి క్లెయిములు ఎందుకు ఎక్కువ?

ఇన్సూరెన్స్ వాళ్లు ప్రతి ప్రాంతాన్ని రెండు ప్రశ్నలతో చూస్తారు. ఎన్నిసార్లు డబ్బు ఇవ్వాల్సి వస్తోంది? ఇచ్చిన ప్రతిసారీ ఎంత అవుతోంది? పల్లె రోడ్లు, హైవేల మీద ప్రమాదాలు ఘోరంగా ఉంటాయి. మన దేశంలో రోడ్డు ప్రమాద మరణాల్లో ఎక్కువ భాగం గ్రామీణ ప్రాంతాల్లోనే జరుగుతున్నాయి. ప్రాణనష్టం పరిహారం మాత్రం థర్డ్ పార్టీ కిందికి వస్తుంది, దాని రేటు దేశమంతా ఒకటే. సిటీలో జరిగేది వేరే రకం నష్టం. సిగ్నల్ దగ్గర వెనక నుంచి ఆటో తగులుతుంది. ఫంక్షన్ హాల్ పార్కింగ్‌లో పక్క కారు తలుపు గీసుకుంటుంది. పాతబస్తీ గల్లీలో మలుపు తిప్పుతుంటే అద్దం విరుగుతుంది. మనిషికి ఏమీ కాదు, అల్‌హందులిల్లాహ్ అనుకుని ఇంటికొస్తారు, కానీ బంపర్ పోతుంది. ఇలాంటివి వేలల్లో వస్తుంటే ఓన్ డ్యామేజ్ ఖాతా బరువెక్కుతుంది.

దానికి తోడు రిపేరు ఖర్చు. నగరాల్లో కంపెనీ వర్క్‌షాపుల లేబర్ చార్జీ చిన్న ఊళ్ల కంటే ఎక్కువ. అద్దె ఎక్కువ, జీతాలు ఎక్కువ. చిన్న ఊళ్లో డెంట్ కొట్టి పెయింట్ వేసి పంపే చోట, సిటీ వర్క్‌షాప్ ముక్క మొత్తం మార్చేయాలంటుంది. ఇప్పటి కార్ల బంపర్‌లో సెన్సర్లు, కెమెరాలు ఉంటున్నాయి కాబట్టి చిన్న దెబ్బకే బిల్లు పెద్దదవుతోంది. దొంగతనాల భయం కూడా నగరాల్లోనే ఎక్కువ.

ఇంకోటి, నీళ్లు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ వానలకు ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట వైపు కాలనీలు మునిగినప్పుడు ఇళ్ల ముందు నిలిపిన కార్లు నీళ్లలో తేలాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు అదే జరిగింది. చెరువులు పోయి కాలనీలు వచ్చిన నగరంలో ఒక్క రాత్రి వానకే వందల కార్లు ఒకేసారి పాడవుతాయి. ఊరికి ఇన్ని క్లెయిములు అని లెక్క వేసుకునే కంపెనీ ఇదీ లెక్కలో వేసుకుంటుంది.

వరద విషయంలో ఒక మాట విడిగా తెలుసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ చాలా కుటుంబాలు నష్టపోతాయి. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే వరదలో మునిగిన సొంత కారుకు పైసా రాదు. ఓన్ డ్యామేజ్ ఉంటే వరద నష్టం వస్తుంది. కానీ నీళ్లలో మునిగిన కారును "ఒకసారి చూద్దాం" అని స్టార్ట్ చేస్తే ఇంజిన్‌లోకి నీళ్లు లాగేసి లోపల భాగాలు విరుగుతాయి. అది వరద వల్ల కాదు, స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టం అని కంపెనీ వాదిస్తుంది. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ లేకపోతే లక్షల్లో అయ్యే ఆ ఖర్చు యజమాని మీదే పడే ప్రమాదం ఉంది. నీళ్లు వచ్చాయంటే తాళం తిప్పకూడదు. ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, కారును లాగించి వర్క్‌షాప్‌కు పంపాలి. లోతట్టు కాలనీల్లో ఉండేవాళ్లకు ఈ కవర్ దండగ కాదు.

చిన్న క్లెయిమ్, పెద్ద నష్టం

సిటీ కారు యజమాని ఎక్కువ కట్టడానికి ఇంకో కారణం ఉంది. అది కంపెనీ చేసేది కాదు, తెలియక మనమే చేసుకునేది. క్లెయిమ్ చేయకుండా గడిచిన ప్రతి ఏడాదికీ ఓన్ డ్యామేజ్ మీద నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. మొదటి ఏడాది తర్వాత 20 శాతం, తర్వాత వరసగా 25, 35, 45, 50. ఒక్క క్లెయిమ్ చేస్తే మామూలుగా అది సున్నాకు పడిపోతుంది.

తమ్ముడికి మూడేళ్లు క్లెయిమ్ లేక ఇప్పుడు 35 శాతం నడుస్తోంది. టోలీచౌకి ఫ్లైఓవర్ దగ్గర బంపర్ పగిలింది. మార్చడానికి 4,000 అయింది. ఇన్సూరెన్స్ ఉంది కదా అని క్లెయిమ్ పెట్టాడు. బంపర్ ప్లాస్టిక్‌ది, జీరో డిప్రిసియేషన్ కవర్ లేకపోతే ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు. అందులోంచి ప్రతి క్లెయిమ్‌కూ యజమాని భరించాల్సిన 1,000 తీసేస్తారు. మొత్తం బిల్లు ప్లాస్టిక్‌దే అయితే చేతికి వచ్చేది 1,000 రూపాయలు.

పోయింది ఎంత? లెక్క తేలిక కోసం బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ఏటా 10,000 అనుకుందాం. క్లెయిమ్ చేయకపోతే వచ్చే మూడేళ్లలో 45, 50, 50 శాతం బోనస్ వచ్చేది. చేశాక 0, 20, 25 శాతం వస్తుంది. మొదటి ఏడు 4,500, రెండో ఏడు 3,000, మూడో ఏడు 2,500. అంతా కలిపి 10,000 రూపాయలు. వెయ్యి రూపాయల కోసం పది వేలు వదులుకున్నట్టు. గుంటూరు అన్నకు అంతమంది ఆటోవాళ్లు తగల్లేదు కాబట్టి ఆయన బోనస్ పెరుగుతూ పోయింది. పండగనాడు ఇద్దరూ పోల్చుకున్న బిల్లుల్లో ఈ తేడా కూడా కలిసి ఉంటుంది, బయటికి మాత్రం "సిటీ రేటు" లాగా కనిపిస్తుంది.

వర్క్‌షాప్‌లో సర్వీస్ అడ్వైజర్ "క్లెయిమ్ పెట్టేయండి సార్, మీకు ఖర్చే లేదు" అంటాడు. ఆయనకు రిపేరు పని కావాలి. సంతకం పెట్టే ముందు బోనస్ ఎంత పోతుందో ఏజెంట్‌నో కంపెనీనో అడిగితే ఒక్క నిమిషంలో చెబుతారు.

బోనస్ కారుది కాదు, మనిషిది. పాత కారు అమ్మి కొత్తది కొంటే దాన్ని వెంట తెచ్చుకోవచ్చు. సౌదీకో, దుబాయ్‌కో వెళుతూ కారు అమ్మేసేవాళ్లు కంపెనీ నుంచి బోనస్ రిజర్వింగ్ లెటర్ తీసుకోవాలి. అది మూడేళ్లు చెల్లుతుంది. కారు అమ్మకుండా ఇంటి ముందు కవర్ కప్పి వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పాలసీ గడువు అయిపోయి 90 రోజులు దాటితే బోనస్ పోతుంది. ఇంట్లో ఎవరికో ఒకరికి రెన్యువల్ తేదీ చెప్పి వెళ్లాలి.

ఊరి అడ్రస్ మీద పెడితే?

"అయితే కారును ఊళ్లో మామయ్య అడ్రస్ మీద రిజిస్టర్ చేయిస్తే సరిపోదా?" అన్న ఆలోచన చాలామందికి వస్తుంది. జోన్ తేలేది యజమాని ఎక్కడ ఉంటాడన్న దాన్ని బట్టి కాదు, బండి ఏ ఆర్టీవో ఆఫీసులో రిజిస్టర్ అయిందన్న దాన్ని బట్టి. నిజంగా గుంటూరులో ఉంటూ అక్కడే కొన్న కారును హైదరాబాద్‌కు తెచ్చుకుంటే పాలసీలో జోన్ బీ అని ఉండటం మోసం కాదు.

కాకపోతే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పుడు రెండు రాష్ట్రాలు. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడే ఉంచితే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలని చట్టం చెబుతోంది. నంబర్ మారితే ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి పాలసీలోనూ మార్పించుకోవాలి. ఎప్పుడూ ఉండని అడ్రస్ పెట్టి రిజిస్టర్ చేయిస్తే చలాన్లు, కోర్టు నోటీసులు అన్నీ మామయ్య ఇంటికి పోతాయి. ఆయన వాటిని అలమరాలో పెట్టి మర్చిపోతారు. కేసు వాయిదా ఇక్కడివాళ్లకు తెలియకుండానే దాటిపోతుంది. మిగిలేది ఏడాదికి కొన్ని వందలు.

ఆన్‌లైన్‌లో రేటు చూసేటప్పుడు ఆర్సీలో ఉన్నది కాకుండా వేరే ఆర్టీవో పేరు ఎంచుకోవడం, క్లెయిమ్ చేసి కూడా చేయలేదని బోనస్ తీసుకోవడం ఇంకా ప్రమాదం. ఇన్సూరెన్స్ అమ్మేటప్పుడు ఎవరూ తరచి చూడరు. క్లెయిమ్ పెట్టినప్పుడు మాత్రం ఆర్సీ, పాత పాలసీ, లైసెన్స్ అన్నీ తీస్తారు. తప్పు చెప్పినట్టు తేలితే డబ్బు తగ్గించొచ్చు, మొత్తానికే ఇవ్వననొచ్చు. సొంత బోర్డు కారును కిరాయికి తిప్పితే కూడా ఇదే గొడవ. ప్రైవేటు కారు పాలసీ కిరాయి ప్రయాణాలకు వర్తించదు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ఒక తేదీ గుర్తుపెట్టుకోవాలి. కారు చేతులు మారిన 14 రోజుల్లోపు పాలసీని తమ పేరు మీదికి మార్చమని కంపెనీకి రాయాలి. థర్డ్ పార్టీ బండితో పాటే వస్తుంది. ఓన్ డ్యామేజ్ రాయించుకుంటేనే వస్తుంది. పాత యజమాని బోనస్ ఆయనతోనే వెళ్లిపోతుంది కాబట్టి ఆ తేడా కట్టమంటారు.

సిటీవాళ్లు ఎక్కడ తగ్గించుకోవచ్చు?

2022 జూలైలో ఐఆర్‌డీఏఐ నడిపిన దూరాన్ని బట్టి, నడిపే తీరును బట్టి ప్రీమియం తీసుకునే పాలసీలకు దారి తెరిచింది. మెట్రోలో ఆఫీసుకు వెళ్లి, కారును శుక్రవారం నమాజుకో, ఆదివారం చుట్టాల ఇంటికో తీసేవాళ్లకు ఇది పనికొస్తుంది. ఎన్ని కిలోమీటర్లు అని ముందే చెప్పి తక్కువ కట్టొచ్చు. దాటితే ఏమవుతుందో మాత్రం పాలసీలో చదివి తీసుకోవాలి.

వాలంటరీ డిడక్టిబుల్ అని ఇంకోటి ఉంది. ప్రతి క్లెయిమ్‌లో మొదటి 2,500 గానీ 5,000 గానీ నేనే భరిస్తానని ఒప్పుకుంటే ప్రీమియంలో కొంత తగ్గిస్తారు. చిన్న గీతలకు ఎలాగూ క్లెయిమ్ చేయకూడదని నిర్ణయించుకున్న ఇంటికి ఇది సరిపోతుంది. చేతిలో ఆ మాత్రం డబ్బు ఎప్పుడూ ఉండనివాళ్లకు సరిపోదు. గుర్తింపు ఉన్న యాంటీ థెఫ్ట్ పరికరానికి కూడా చిన్న డిస్కౌంట్ ఉంటుంది.

బిల్లు పెద్దగా కనిపించినప్పుడు అదనపు కవర్ల జాబితా ఒకసారి చదవాలి. జీరో డిప్రిసియేషన్, ఇంజిన్ ప్రొటెక్షన్, తాళం పోతే కవర్, టైరు కవర్, రిటర్న్ టు ఇన్వాయిస్ ఇలా షోరూమ్‌లో అన్నీ కట్టగట్టి ఇచ్చేస్తారు. గుంటూరు అన్న పాలసీలో అవి ఒక్కటీ ఉండకపోవచ్చు. ఐదేళ్ల లోపు కారుకు జీరో డిప్రిసియేషన్, నీళ్లు నిలిచే కాలనీలో ఇంజిన్ ప్రొటెక్షన్ ఉంచుకుని తాళం కవర్, టైరు కవర్ లాంటివి తీసేయమంటే బిల్లు అక్కడే దిగుతుంది. తీసేయమని ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా, డబ్బు కట్టేముందు కొత్త కొటేషన్ కాగితం తెప్పించుకుని ఐడీవీ, బోనస్ శాతం, ఆర్టీవో పేరు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.